ఆహార రుగ్మతలు: పూర్తి అంచనా వేసి చికిత్స ప్రణాళిక తయారుచేసే పద్ధతి

తిండితోనూ తన శరీరంతోనూ సంబంధం చెడిపోయిన మనిషి మొదటిసారి వైద్యం కోసం వచ్చినప్పుడు, చాలాచోట్ల అందరి దృష్టీ ముందుగా బరువు తూచే యంత్రం మీదికే పోతుంది. బరువు తెలుసుకోవలసిందే. అయితే ఆ ఒక్క అంకెతోనే జబ్బు తీవ్రతను తేల్చేయడం ఈ రంగంలో జరిగే పొరపాట్లన్నిటిలోకీ ప్రమాదకరమైనదని నా అభిప్రాయం. చూడటానికి మామూలు బరువులోనే ఉన్న మనిషి రోజుకు పలుమార్లు వాంతి చేసుకుంటూ ఉంటే, రక్తంలో పొటాషియం గుండె లయ తప్పేంతగా పడిపోయి ఉండవచ్చు. మొదట లావుగా ఉండి కొద్ది నెలల్లోనే బాగా తగ్గిన కుర్రవాడిని చుట్టూ ఉన్నవారంతా మెచ్చుకుంటూ ఉండగా, అతని నాడి నిమిషానికి 45కు దిగి ఉండవచ్చు. ఈ జబ్బులు ఆడపిల్లలకే వస్తాయనీ, సన్నగా ఉన్నవారికే వస్తాయనీ అనుకోవడం వల్ల ఎందరో ఆలస్యంగా వైద్యానికి వస్తున్నారు. బరువు పెరుగుతుందన్న భయంతో తిండిని బాగా తగ్గించుకునే అనొరెక్సియా, మానసిక రుగ్మతల్లో మరణాలు ఎక్కువగా ఉండే జబ్బుల్లో ఒకటి కాబట్టి, ఆ ఆలస్యానికి మూల్యం చిన్నది కాదు.

ఈ వ్యాసం ప్రధానంగా ఇలాంటివారిని చూసే వైద్యులను, సైకాలజిస్టులను, డైటీషియన్లను ఉద్దేశించి రాసినది. ఇంట్లో ఈ జబ్బుతో బాధపడేవారు ఉన్న కుటుంబసభ్యులు చదివినా, వైద్యం దగ్గర ఏమేమి జరగాలో, ఏమి అడిగి తెలుసుకోవాలో అర్థమవుతుంది. ఇందులోని అంకెలు వైద్య నిర్ణయాలకు ఉద్దేశించినవి. ఎవరూ వాటితో తమను తాము పోల్చుకుని, ఇంకా అంత దూరం రాలేదు కదా అని వైద్యాన్ని వాయిదా వేసుకోకూడదని మనవి.

మొదటి వడపోత

సాధారణ వైద్యుడి దగ్గర అనుమానం కలిగినప్పుడు వాడటానికి 1999లో బ్రిటన్‌లో తయారైన స్కాఫ్ అనే అయిదు ప్రశ్నల పట్టిక ఉంది. కడుపు ఇబ్బందిగా నిండిపోయిందని వాంతి చేసుకుంటారా, ఎంత తింటున్నారనే దాని మీద అదుపు పోయిందని దిగులు పడుతున్నారా, ఈ మధ్య 3 నెలల్లో 6 కిలోలకు పైగా తగ్గారా, సన్నగా ఉన్నారని ఇతరులు అంటున్నా లావుగా ఉన్నానని నమ్ముతున్నారా, మీ జీవితాన్ని తిండే శాసిస్తోందని అనిపిస్తుందా అన్నవి ఆ ప్రశ్నలు. రెండింటికి అవునని చెబితే పూర్తి అంచనాకు పంపాలి. ఒక్కదానికీ అవునని చెప్పనంత మాత్రాన జబ్బు లేదని మాత్రం అనుకోకూడదు. అదుపు తప్పి తినే రుగ్మతనూ, శరీరాకృతి గురించిన దిగులేమీ లేకుండానే తిండిని బాగా పరిమితం చేసుకునే ఆర్ఫిడ్ అనే రుగ్మతనూ ఈ ప్రశ్నలు సరిగా పట్టుకోలేవు. తల్లిదండ్రులు తమ బిడ్డ తినే తీరు మారిందని చెబుతుంటే, పట్టికలో ఎన్ని మార్కులు వచ్చినా ఆ మాటకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

మాట్లాడించడం

ఈ జబ్బు దాగుతుంది. దాచేవారు అబద్ధాలకోరులు కారు. సిగ్గు, భయం, ఉన్న ఒక్క ఆసరానూ లాగేసుకుంటారేమోనన్న ఆందోళన వారిచేత దాచిస్తాయి. అందుకే మొదటి గంట ఎలా గడిచిందనే దాని మీదే తర్వాతి నెలలు చాలావరకు ఆధారపడతాయి. వచ్చిన మనిషిని కొంతసేపు ఒంటరిగా, కొంతసేపు కుటుంబంతో కలిపి చూడాలి. ఒంటరిగా మాట్లాడే ముందే, ఏ విషయాలు తమ మధ్యే ఉంటాయో, ప్రాణాపాయం ఉంటే ఎవరికి చెప్పవలసి వస్తుందో స్పష్టంగా చెప్పాలి.

నిన్న నిద్ర లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఏమి తిన్నారో, ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో తిన్నారో, తినే ముందూ తిన్న తర్వాతా మనసులో ఏం నడిచిందో అడగడం మంచి ఆరంభం. ‘మీరు మామూలుగా ఎలా తింటారు’ అని అడిగితే మామూలు జవాబే వస్తుంది. ఒక్క రోజును గంట గంటకూ చెప్పించినప్పుడే మానేసిన పూటలు, ఇవి ముట్టుకోకూడదని పెట్టుకున్న నియమాలు, రాత్రిపూట అదుపు తప్పిన సమయాలు ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. అదుపు తప్పి తినడం గురించి అడిగేటప్పుడు ఎంత తిన్నారన్నదాన్నీ, ఆపుకోలేకపోయామన్న భావాన్నీ విడివిడిగా తెలుసుకోవాలి. కొద్దిగా తిన్నా అదుపు తప్పిందని కుమిలిపోయేవారు ఉంటారు. వారి బాధ నిజమే, కానీ జబ్బు పేరూ చికిత్స దారీ వేరు కావచ్చు.

తిన్నదాన్ని ‘సరిదిద్దడానికి’ చేసే పనుల గురించి ఒక్కొక్కటిగా, తప్పుపట్టే స్వరం లేకుండా అడగాలి. వాంతి చేసుకోవడం, విరేచనాల మందులు, మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు, బరువు తగ్గిస్తామని అమ్మే గుళికలు, రోజంతా పస్తు ఉండటం, గాయమైనా జ్వరమొచ్చినా ఆపలేని వ్యాయామం ఇందులోకి వస్తాయి. టైప్ 1 మధుమేహం ఉన్నవారిని ఇన్సులిన్ తగ్గించి వేసుకుంటున్నారా, మానేస్తున్నారా అని తప్పనిసరిగా అడగాలి. ఈ ప్రశ్న అడగకపోవడం వల్ల మళ్లీ మళ్లీ, ఇన్సులిన్ చాలక రక్తం ఆమ్లమయ్యే కీటోఅసిడోసిస్‌తో ఆసుపత్రిలో చేరుతున్న మనిషిలో అసలు కారణం కనబడకుండా పోతుంది.

బరువు చరిత్ర అడిగేటప్పుడు ఇప్పుడెంత అన్నదానికన్నా, ఎంత నుంచి ఎంతకు, ఎంత కాలంలో వచ్చారన్నది ముఖ్యం. పిల్లల విషయంలో ఎత్తు, బరువుల పాత రికార్డులు తెప్పించి ఎదుగుదల పటం మీద గీసి చూడాలి. బరువు తగ్గకపోయినా, పెరగవలసిన వయసులో పెరగకపోవడమే జబ్బుకు తొలి గుర్తు కావచ్చు. ఆడవారిలో నెలసరి గురించి అడగాలి. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవారికి నెలనెలా కనిపించే రక్తస్రావం మాత్రల వల్ల వచ్చేదే కాబట్టి, దానిని బట్టి హార్మోన్లు సక్రమంగా ఉన్నాయని నిర్ధారించుకోకూడదు.

కుంగుబాటు, ఆందోళన, ఓసీడీ (వద్దన్నా వచ్చే ఆలోచనలు, పదేపదే చేసే పనుల రుగ్మత), పాత మానసిక గాయాలు, మద్యం, ఆటిజం లక్షణాలు ఈ జబ్బులతో తరచుగా కలిసి ఉంటాయి. అయితే ఇక్కడ తొందరపడకూడదు. 1944, 45 సంవత్సరాల్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ బృందం 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను, వారి అంగీకారంతో, దాదాపు ఆరు నెలలు అరకొర తిండి మీద ఉంచి పరిశీలించింది. ఎంపిక చేసేటప్పుడు మానసికంగా దృఢంగా ఉన్న ఆ యువకులు తిండి గురించే ఆలోచించసాగారు, చిరాకు పడ్డారు, కుంగిపోయారు, స్నేహాలకు దూరమయ్యారు, కొందరు తిండి మళ్లీ పెట్టిన తర్వాత కూడా అదుపు లేకుండా తిన్నారు. కాబట్టి ఆకలితో మాడుతున్న మనిషిలో కనిపించే మొండితనం, ముడుచుకుపోవడం, పట్టుదలగా ఒకే పనిని పదేపదే చేయడం ఆ మనిషి స్వభావమో, ఆకలి చేసిన పనో బరువు కొంత తిరిగి వచ్చే దాకా తేల్చడం కష్టం. వ్యక్తిత్వ లోపమని మొదటి వారంలోనే రాసిన ముద్ర ఫైలు నుంచి తొలగించడం ఎంత కష్టమో ఈ పని చేసేవారికి తెలుసు.

ఆత్మహత్య ఆలోచనల గురించి, తనను తాను గాయపరచుకోవడం గురించి సూటిగా అడగాలి. అనొరెక్సియాతో చనిపోయేవారిలో శరీరం లొంగిపోయి చనిపోయేవారితో పాటు ఆత్మహత్య చేసుకునేవారూ గణనీయంగా ఉన్నారు.

శరీర పరీక్ష

నాడి, రక్తపోటు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడిన తర్వాత మరొకసారి చూడాలి. ఒక్క భంగిమలో చూసి వదిలేస్తే సగం సమాచారం పోయినట్టే. శరీర ఉష్ణోగ్రత, చేతులు కాళ్ల చల్లదనం, ఒంటి మీద కొత్తగా మొలిచిన నూగు, కాళ్ల వాపు గమనించాలి. చెంపల కింద లాలాజల గ్రంథులు ఉబ్బడం, ముందు పళ్ల లోపలి వైపు ఎనామెల్ అరిగిపోవడం, వేలి కణుపుల మీద గట్టిపడిన మచ్చలు పదేపదే వాంతి చేసుకుంటున్నారనడానికి గుర్తులు. అదుపు తప్పి తిని, తర్వాత వాంతి వంటివాటితో దాన్ని సరిదిద్దుకోజూసే బులీమియాను 1979లో ప్రత్యేక జబ్బుగా వర్ణించిన బ్రిటిష్ వైద్యుడు జెరాల్డ్ రస్సెల్ పేరుతోనే ఆ మచ్చలను పిలుస్తారు. వెల్లకిలా పడుకున్న స్థితి నుంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోగలరా, గొంతుక్కూర్చుని చేతులు ఆనించకుండా నిలబడగలరా అన్న చిన్న పరీక్ష కండరాల బలహీనతను ఏ యంత్రం లేకుండానే చెబుతుంది.

రక్త పరీక్షల్లో పొటాషియం, సోడియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం, గ్లూకోజు, మూత్రపిండాలు, కాలేయం పనితీరు, రక్తకణాల లెక్క, థైరాయిడ్ ఉండాలి. ఈసీజీ తీసి, అందులో క్యూటీ విరామాన్ని (ప్రతి స్పందనలో గుండె దిగువ గదుల విద్యుత్ చర్యకు పట్టే సమయాన్ని) కొలవాలి. నెలసరి 6 నెలలకు పైగా ఆగిపోయి ఉంటే ఎముకల సాంద్రత చూడటం అవసరం. వాంతుల వల్ల పొటాషియం తగ్గి, బైకార్బనేట్ పెరగడం తరచుగా కనిపిస్తుంది. ఇంత చెప్పిన తర్వాత గట్టిగా చెప్పవలసిన మాట ఒకటుంది: పరీక్షలన్నీ మామూలుగా ఉన్నాయని రావడం ఆ మనిషి క్షేమంగా ఉన్నట్టు కాదు. శరీరం చివరిదాకా రక్తంలోని అంకెలను నిలబెట్టుకోవడానికి కష్టపడుతుంది. పరీక్షల కాగితం చూపించి, మీకేమీ లేదని పంపేస్తే, ఆ మాటను జబ్బు తన వాదనగా మలచుకుంటుంది.

బరువు తూచే ముందు ఎక్కువ నీళ్లు తాగి రావడం, జేబుల్లో బరువులు పెట్టుకోవడం జరుగుతుంటాయి. పల్చని ఆసుపత్రి దుస్తులతో, మూత్రానికి వెళ్లివచ్చిన తర్వాత, అదే యంత్రం మీద తూచాలి. అనుమానం ఉంటే మూత్రం సాంద్రత చూడవచ్చు, సోడియం తగ్గిందేమో కూడా చూడాలి. థైరాయిడ్ ఉధృతి, సీలియాక్ జబ్బు, పేగుల వాపు జబ్బులు, అడిసన్స్ జబ్బు, మధుమేహం, కణితులు కూడా బరువు తగ్గిస్తాయి కాబట్టి వాటినీ మనసులో ఉంచుకోవాలి.

జబ్బు పేరు, జబ్బును నడిపే చక్రం

పేరు పెట్టడం మీద ఎక్కువ సమయం ఖర్చు చేయనక్కరలేదు. బులీమియాకైనా, అదుపు తప్పి తినే రుగ్మతకైనా అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన మానసిక రుగ్మతల వర్గీకరణ గ్రంథం డీఎస్ఎమ్-5 ప్రకారం సగటున వారానికి ఒకసారైనా చొప్పున 3 నెలలు లక్షణాలు ఉండాలి. అనొరెక్సియాకు నెలసరి ఆగిపోవాలన్న పాత నిబంధనను అదే కూర్పులో తీసేశారు. బరువు మామూలు పరిధిలోనే ఉన్నా మిగతా లక్షణాలన్నీ అనొరెక్సియావే అయితే దానిని అసాధారణ అనొరెక్సియా అంటారు. ఆ పేరు విని తేలికపాటి జబ్బు అనుకోకూడదు. గుండె, హార్మోన్ల సమస్యలు ఇందులోనూ అంతే తీవ్రంగా రావచ్చు.

ఎక్కువ సమయం పెట్టవలసింది, ఈ మనిషిలో ఈ జబ్బు ఇంకా ఎందుకు కొనసాగుతోందన్న ప్రశ్న మీద. మొదలు కావడానికి కారణమైనదీ, ఇవాళ దాన్ని నిలబెడుతున్నదీ ఒకటే కానక్కరలేదు. ఎదురుగా కూర్చున్న మనిషితో కలిసి ఒక కాగితం మీద గీయడం మంచి పద్ధతి. శరీరాకృతిని బట్టే తన విలువను కొలుచుకోవడం కఠిన నియమాలకు, నియమాలు ఆకలికి, ఆకలి అదుపు తప్పి తినడానికి, ఆ తినడం వాంతికి, వాంతి సిగ్గుకు, సిగ్గు మరింత కఠినమైన నియమాలకు దారితీస్తున్నాయని బాణాలు గీసి చూపితే, చాలామంది తమ జీవితాన్ని మొదటిసారి బయటినుంచి చూసినట్టు నిశ్శబ్దమైపోతారు. బులీమియా అనే పేరే ఉన్న ఇద్దరిలో ఒకరికి ఈ చక్రాన్ని తిప్పేది పగలంతా ఉన్న పస్తు అయితే, మరొకరికి ఇంట్లో గొడవ తర్వాత తట్టుకోలేని బాధ కావచ్చు. మొదటివారికి వేళకు తినడమే సగం మందు. రెండోవారికి బాధను భరించే వేరే దారులు నేర్పకుండా భోజన పట్టిక ఒక్కటే ఇస్తే నిలవదు.

ఎక్కడ చికిత్స చేయాలి

చాలామందికి ఇంటి దగ్గర ఉంటూ ఆసుపత్రికి వచ్చిపోతూ తీసుకునే చికిత్స సరిపోతుంది. కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం ఆలోచిస్తూ కూర్చోకూడదు. కిశోర వయసువారిలో పగటిపూట నాడి 50 కంటే, నిద్రలో 45 కంటే తగ్గడం, రక్తపోటు 90/45 కంటే దిగడం, ఉష్ణోగ్రత 35.6 డిగ్రీల సెల్సియస్ కంటే పడిపోవడం, బీఎంఐ (ఎత్తును బట్టి బరువును చూపే కొలత) ఆ వయసు ఆడపిల్లలకో మగపిల్లలకో ఉండే మధ్యస్థ బీఎంఐలో 75 శాతానికి మించకపోవడం ఆసుపత్రిలో చేర్చడానికి తగిన కారణాలు. నాడి 40 కంటే దిగితే ఏ వయసులోనైనా అత్యవసరమే. పొటాషియం లీటరుకు 3 మిల్లీమోల్స్ కన్నా తగ్గినా, ఈసీజీలో లయ మార్పులు కనిపించినా, స్పృహ తప్పి పడిపోతున్నా, తిండీ నీరూ పూర్తిగా మానేసినా, ఆత్మహత్య ప్రమాదం ఉన్నా అదే రోజు చర్య తీసుకోవాలి. బరువు ఎంత ఉందన్నదే కాక ఎంత వేగంగా పడిపోతోందన్నదీ ఈ నిర్ణయంలో లెక్కలోకి రావాలి.

బాగా శుష్కించిన శరీరానికి తిండి మళ్లీ మొదలుపెట్టినప్పుడు వచ్చే రీఫీడింగ్ సిండ్రోమ్‌ను ప్రతి ప్రణాళికలోనూ ముందే ఊహించాలి. పిండిపదార్థాలు లోపలికి వెళ్లగానే ఇన్సులిన్ పెరిగి, ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం రక్తం నుంచి కణాల్లోకి పోతాయి. గుండె, ఊపిరి, మెదడు దెబ్బతినవచ్చు. బీఎంఐ 16 కంటే తక్కువ ఉన్నవారికి, 3 నుంచి 6 నెలల్లో 15 శాతానికి పైగా బరువు తగ్గినవారికి, 10 రోజులకు పైగా దాదాపు ఏమీ తిననివారికి ఈ ప్రమాదం ఎక్కువ. తిండి మొదలుపెట్టే ముందు నుంచే థయమిన్ (విటమిన్ బి1) ఇవ్వాలి, మొదటి వారం పది రోజులు ఫాస్ఫేట్‌ను రోజూ చూడాలి. అయితే ఈ భయంతో అతి కొద్ది ఆహారం పెట్టి రోజుల తరబడి అక్కడే ఆగిపోవడమూ హానికరమే. దగ్గరుండి చూసుకుంటే, కిశోర వయసువారిలో ముందు అనుకున్నదాని కంటే ఎక్కువ ఆహారంతో మొదలుపెట్టవచ్చని ఇటీవలి పరిశోధనలు చూపాయి.

ప్రణాళిక రాయడం

‘బరువు పెంచాలి, కౌన్సెలింగ్ ఇవ్వాలి’ అన్నది ప్రణాళిక కాదు. ఎవరు, ఏ పని, ఎంత తరచుగా చేస్తారో, ఏ మార్పు కనిపిస్తే దారి మార్చుకుంటారో రాసి ఉండాలి. వైద్యుడు, చికిత్సకుడు, డైటీషియన్ ముగ్గురూ మూడు రకాలుగా మాట్లాడితే ఆ సందుల్లోనే జబ్బు పెరుగుతుంది. కాబట్టి బరువు ఎవరు తూస్తారు, ఆ అంకె చెబుతారా చెప్పరా, వ్యాయామం ఎప్పటిదాకా ఆపాలి అన్న చిన్న విషయాలు కూడా ముందే ఒక్క మాటగా తేల్చుకోవాలి.

భోజనం విషయంలో మూడు పూటలా తిండి, మధ్యలో రెండు మూడు సార్లు చిరుతిండి, నాలుగు గంటలకు మించి ఖాళీ లేకుండా చూడటం ఏ రుగ్మతకైనా పునాది. బరువు తక్కువ ఉన్నవారికి ఇంటి నుంచే చికిత్స పొందేటప్పుడు వారానికి సుమారు అర కిలో పెరగడం సరైన లక్ష్యం. కడుపు మెల్లగా ఖాళీ అవుతుంది కాబట్టి కొద్దిగా తిన్నా ఉబ్బరంగా ఉంటుందనీ, విరేచనాల మందులు ఆపినప్పుడు ఒంట్లో నీరు చేరి కొన్నాళ్లు కాళ్లు వాచవచ్చనీ, అది కొవ్వు కాదనీ ముందే చెప్పాలి. చెప్పకపోతే మొదటి వారంలోనే భయపడి మందులు మళ్లీ మొదలుపెడతారు. విరేచనాల మందులు ఎక్కువగా పెద్దపేగు మీద పనిచేస్తాయి, అప్పటికే ఆహారంలోని శక్తి చాలావరకు శరీరానికి అందిపోయి ఉంటుంది. ఈ ఒక్క వాస్తవం విని వాటిని మానేసినవారు ఉన్నారు. వాంతి తర్వాత వెంటనే పళ్లు తోమకుండా నీళ్లతో పుక్కిలించమనడం చిన్న సలహాయే అయినా పళ్లను కాపాడుతుంది.

చికిత్స ఎంపికకు వయసూ జబ్బు తీరూ దారి చూపుతాయి. పిల్లలకు, కిశోర వయసువారికి 1980లలో లండన్‌లోని మాడ్స్లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకున్న కుటుంబ ఆధారిత చికిత్సకు ఎక్కువ ఆధారాలు ఉన్నాయి. అందులో మొదట తల్లిదండ్రులే తిండి బాధ్యత పూర్తిగా తీసుకుంటారు, బరువు తిరిగి వచ్చే కొద్దీ దాన్ని బిడ్డకు మెల్లగా అప్పగిస్తారు, చివరికి ఆ వయసుకు తగిన మిగతా విషయాల వైపు మళ్లుతారు. సుమారు ఏడాదిలో 18 నుంచి 20 సార్లు కలుస్తారు. తల్లిదండ్రులు ఈ జబ్బుకు కారణం కాదని మొదటి రోజే చెప్పాలి. అపరాధ భావంతో కుంగిన తల్లి గానీ తండ్రి గానీ బిడ్డ కంచం ముందు స్థిరంగా కూర్చోలేరు. పెద్దవారి అనొరెక్సియాకు ఆహార రుగ్మతల కోసం మలచిన సీబీటీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మాటల చికిత్స), పెద్దవారి అనొరెక్సియా కోసమే మాడ్స్లీలో రూపొందించిన మాంత్రా, నిపుణుల సహాయక చికిత్స అనే మూడింటిలో ఒకటి ఎంచుకోవచ్చు. సీబీటీ అయితే దాదాపు 40 వారాలు సాగుతుంది. బులీమియాకు పర్యవేక్షణతో కూడిన స్వయంసహాయక పుస్తకంతో మొదలుపెట్టి, 4 వారాల్లో మార్పు లేకపోతే 20 వారాల సీబీటీకి వెళ్లవచ్చు. అదుపు తప్పి తినే రుగ్మతలో బరువు తగ్గించడాన్ని చికిత్స లక్ష్యంగా పెట్టకూడదు. పథ్యం మొదలుపెట్టగానే ఆకలి చక్రం మళ్లీ తిరుగుతుంది.

మందుల పాత్ర చిన్నదే. బులీమియాలో కుంగుబాటు మందు ఫ్లుయోక్సెటిన్ రోజుకు 60 మిల్లీగ్రాముల మోతాదులో ఉపయోగపడుతుంది, అయితే ఒక్క మందుతోనే సరిపెట్టకూడదు. అనొరెక్సియాను నయం చేసే మందు లేదు. ఒలాంజపిన్ కొందరిలో బరువు పెరగడానికి కొద్దిగా తోడ్పడుతుంది. బులీమియా, అనొరెక్సియా ఉన్నవారికి బుప్రోపియాన్ అనే మరో కుంగుబాటు మందు ఇస్తే మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది కాబట్టి ఇవ్వకూడదు. ఎముకలు కాపాడటానికని గర్భనిరోధక మాత్రలు రాయడం వల్ల ప్రయోజనం లేదు. బరువు తిరిగి రావడమే ఎముకలకు అసలు మందు.

మారాలనే కోరికా మారితే ఏమవుతుందోనన్న భయమూ ఒకే మనిషిలో పక్కపక్కనే ఉంటాయి. ఈ జబ్బు మీకేమి ఇస్తోంది, ఏమి లాగేసుకుంటోంది అని అడిగి, రెండు జవాబులనూ గౌరవంగా రాసుకోవాలి. ప్రాణం మీదికి వచ్చినా చికిత్స వద్దంటున్నప్పుడు, ఆకలి వల్ల నిర్ణయశక్తి దెబ్బతిన్నదేమో అంచనా వేసి, అక్కడి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఏం చేయవచ్చో చూడాలి.

నాలుగో వారం చివర ప్రణాళికను తప్పనిసరిగా తిరిగి చూడాలి. మొదటి నెలలో వచ్చిన మార్పు చివరి ఫలితానికి మనకున్న నమ్మదగిన సూచనల్లో ఒకటి. మార్పు లేకపోతే అదే పని ఇంకా ఎక్కువసేపు చేయడం కాక, గీసుకున్న చక్రంలో ఏ బాణాన్ని తప్పుగా గీశామో వెతకాలి. చికిత్స ముగిసే దశలో, ఏ గుర్తులు కనిపిస్తే జబ్బు తిరిగి వస్తున్నట్టో, ముందుగా ఎవరికి చెప్పాలో, ఎన్ని రోజుల్లో చూపించుకోవాలో ఆ మనిషి మాటల్లోనే రాయించి, ఒక ప్రతి ఇంట్లోవారికి, ఒక ప్రతి సాధారణ వైద్యుడికి ఇవ్వాలి. వేరే చికిత్స కేంద్రానికి మారుతున్న యువతీయువకుల విషయంలో, పాత బృందం, కొత్త బృందం కనీసం ఒక్కసారైనా కలిసి కూర్చుని మాట్లాడుకున్న తర్వాతే బాధ్యత చేతులు మారాలి.